బ్యాంకాక్‌లో రూమ్ వెతికేటప్పుడు పక్కన మాల్ కాదు, పార్క్ ఉందో లేదో చూడండి

బ్యాంకాక్ వెళ్ళొచ్చిన వాళ్ళని ఎవరిని అడిగినా ఒకటే లిస్ట్ చెప్తారు, గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్, ఫ్లోటింగ్ మార్కెట్, నది మీద డిన్నర్ క్రూజ్, ఇంక మిగిలిన టైమంతా షాపింగ్. అవి మేమూ చూశాం, బాగానే ఉన్నాయి, గ్రాండ్ ప్యాలెస్ టికెట్ 500 బాత్ (బాత్ అంటే థాయ్ డబ్బు) అంటే కాస్త గుండె గుభేల్‌మంది గానీ లోపలికెళ్ళాక ఆ గోడల మీద వరసగా రామాయణం బొమ్మలు చూసి అమ్మా పిన్నీ కదల్లేదు, అక్కడికి డబ్బులు వచ్చేసినట్టే. కానీ ఇంటికొచ్చాక వాళ్ళిద్దరూ ఫోన్‌లో అందరికీ చెప్తున్నది మాత్రం వాటి గురించి కాదు, రాత్రిపూట మేము అనుకోకుండా వెళ్ళి పడ్డ ఒక పార్క్ గురించి. దానికి టికెట్ లేదు, మా లిస్ట్‌లో అసలు పేరే లేదు. అందుకే ఇది రాస్తున్నా, రూములు, ట్రైన్లు, తిండి గురించి కూడా చెప్తాను, ఎందుకంటే ఆ పార్క్ దొరకడానికి అసలు కారణం మా రూమ్ ఉన్న చోటే.

మేము ముగ్గురం వెళ్ళాం, నేను, అమ్మ, పిన్ని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పిన్నికి గుళ్ళూ ఫోటోలూ పిచ్చి, నాకు ఎక్కడికెళ్ళినా రాత్రి అన్నం తిన్నాక కాసేపు నడవకపోతే నిద్ర పట్టదు. రూమ్ సుఖుమ్‌విత్ రోడ్ మీద నానాకీ అసోక్‌కీ మధ్యలో ఒక సందులో తీసుకున్నాం. ఎయిర్‌పోర్ట్ నుంచి రావడం తేలిక, మెట్రో పక్కనే, మన తిండి దొరుకుతుంది అని ఎవరైనా అక్కడే తీసుకోమంటారు, ఆ మూడూ నిజమే. సువర్ణభూమి నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కి మక్కసాన్‌లో దిగి, పక్కనే ఉన్న పెచ్చబురి స్టేషన్‌లో ఎంఆర్టీ (భూమి లోపల తిరిగే మెట్రో) ఎక్కితే తర్వాతి స్టేషనే సుఖుమ్‌విత్. ఆ రైల్ లింక్ చివరి స్టేషన్ దాకా వెళ్ళినా 45 బాత్ దాటదు. అదే ట్యాక్సీ అయితే మీటర్ 35 దగ్గర మొదలవుతుంది, పైన ఎయిర్‌పోర్ట్ చార్జ్ 50, టోల్ గేట్ల డబ్బులు వేరే మనమే ఇవ్వాలి, ఆ ట్రాఫిక్‌లో మీటర్ పరుగు చూస్తూ కూర్చోవాలి. ముగ్గురు ఉండి పెద్ద సూట్‌కేసులు ఉంటే మాత్రం ట్యాక్సీనే నయం అంటాను, మక్కసాన్ దగ్గర సామాను లాక్కుంటూ మారడం పెద్దవాళ్ళకి ఇబ్బందే.

రూమ్ లోపల బాగుంది. శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది, రిసెప్షన్‌లో అమ్మాయి ఎంత ఓపికగా మాట్లాడిందో చెప్పలేను, అమ్మకి వేడినీళ్ళు కావాలంటే రోజూ రెండు పూటలా ఫ్లాస్క్ పంపించింది. బాధంతా బయట. నానా వైపు చీకటి పడ్డాక వాతావరణం వేరు, బార్లు, మ్యూజిక్, గంజాయి వాసన, ఫుట్‌పాత్ మీద బండ్లు, మధ్యలో కరెంట్ స్తంభాలు, పగిలిన టైల్స్, పైన బీటీఎస్ (వంతెన మీద తిరిగే మెట్రో) లైన్ కప్పేసి ఉండటం వల్ల ఆ సౌండ్ అంతా కింద గిర్రున తిరుగుతూ ఉంటుంది. కుర్రాళ్ళ గ్యాంగ్ అయితే సరదాగా ఉంటుందేమో నాకు తెలీదు, మా అమ్మ మాత్రం మొదటి రాత్రే "ఏమే, ఇంత దూరం వచ్చింది ఈ రోడ్డు చూడ్డానికా" అంది. రూమ్‌లో కూర్చుంటే గోడలు, బయటికొస్తే ఇది.

అందుకని తర్వాతి రాత్రి అటు కాకుండా ఇటు వెళ్దాం అని అసోక్ సిగ్నల్ దగ్గర కుడివైపు తిరిగి రచ్చడాపిసేక్ రోడ్ పట్టుకుని నడిచాం. అక్కడికి ఎందుకు అంటే కారణం ఏం లేదు, ఆ రోడ్డు ఫుట్‌పాత్ కాస్త వెడల్పుగా కనపడింది అంతే. కొంచెం దూరం వెళ్ళేసరికి ఒక సంగతి గమనించాను, మా పక్క నుంచి నిక్కర్లు, రన్నింగ్ షూస్ వేసుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే దాటి వెళ్తున్నారు, ఆఫీస్ బ్యాగ్ వీపున తగిలించుకుని మరీ, అందరూ ఒకే వైపు. ఇంతమంది ఈ టైమ్‌లో ఎక్కడికి పోతున్నారబ్బా అని వాళ్ళ వెనకే వెళ్ళాం. పదిహేను నిమిషాలు నడిచామేమో, అదీ అమ్మ స్పీడ్‌లో. ఒక గేటు, లోపల చెట్లు, రెండడుగులు వేశామో లేదో ఎదురుగా పెద్ద చెరువు.

చెరువంటే చిన్నది కాదు, అవతలి గట్టు మీద మనుషులు చుక్కల్లా కనపడుతున్నారు. ఆ గట్టుకి వెనకాల అసోక్ వైపు టవర్లన్నీ లైట్లతో నిలబడి ఉన్నాయి, అవన్నీ నీళ్ళలో తలకిందులుగా పడి, గాలి వచ్చినప్పుడల్లా చెదిరిపోయి మళ్ళీ కలుస్తున్నాయి. పిన్ని "అక్కా" అని అమ్మ చెయ్యి పట్టుకుంది, ఇంక మాట లేదు. పిన్ని మాట్లాడకుండా ఉండటం మా ఇంట్లో చాలా అరుదు. ఐదు నిమిషాల క్రితం దాకా హారన్లలో ఉన్నవాళ్ళం, ఇక్కడ వినపడేదల్లా పరిగెత్తేవాళ్ళ షూస్ చప్పుడు, దూరంగా ట్రాఫిక్ గుయ్‌మని.

దాని పేరు బెంజకిట్టి పార్క్. గేటు దగ్గర మ్యాప్ చూసి, రూమ్‌కొచ్చాక చదివి తెలుసుకున్నవి చెప్తాను, తెలిశాక ఆ చోటు ఇంకా నచ్చింది. ఆ నేలంతా ఒకప్పుడు ప్రభుత్వ సిగరెట్ ఫ్యాక్టరీ, థాయ్‌లాండ్ టుబాకో మోనోపొలీ వాళ్ళది. చెరువు ఉన్న భాగం 2004 లో తెరిచారు. దాని వెనకాల మిగిలిన ఫ్యాక్టరీ స్థలాన్ని అడవిలాంటి పార్క్ చేసి 2022 లో జనానికి వదిలారు. మొత్తం కలిపి 450 రై, రై అంటే అక్కడి కొలత, 1600 చదరపు మీటర్లు, అంటే లెక్కేస్తే మన కొలతలో 178 ఎకరాల దాకా వస్తుంది. సిటీ నడిబొడ్డున, గజం ఎంత పలుకుతుందో ఊహించలేని చోట, ఒక మాల్ కట్టకుండా ఒక టవర్ లేపకుండా ఇన్ని ఎకరాలు చెట్లకీ నీళ్ళకీ వదిలేశారంటే ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి దండం పెట్టాలి. మా అమ్మ అయితే నిజంగానే పెట్టింది.

చెరువు చుట్టూ బాట దాదాపు రెండు కిలోమీటర్లు ఉంటుంది, పరిగెత్తేవాళ్ళకి వేరు, సైకిళ్ళకి వేరు. ఆ గీతలు దాటకండి, సైకిళ్ళు చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. చుట్టూ బెంచీలు ఉన్నాయి, అమ్మని పిన్నిని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి నేను ఒక రౌండ్ కొట్టొచ్చాను. నాకు నచ్చింది ఏంటంటే అక్కడ చూపించడానికి ఏమీ పెట్టలేదు. లేజర్ షో లేదు, ఐ లవ్ అంటూ సెల్ఫీ బోర్డులు లేవు, టికెట్ కౌంటర్ లేదు, కొనమని వెంటపడే మనిషి లేడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అక్కడివాళ్ళే, ఆఫీస్ అయ్యాక వచ్చిన కుర్రాళ్ళు, పిల్లల్ని స్ట్రోలర్‌లో తోసుకుంటూ అమ్మానాన్నలు, చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడిచే ముసలాయనలు. సిటీవాళ్ళ కోసం కట్టిన చోటుకి మనం వెళ్ళడంలో ఒక సుఖం ఉంటుంది, మనల్ని ఎవరూ కస్టమర్‌లా చూడరు.

అసలు అందం మాత్రం చెరువు దాటి అడవి భాగంలోకి వెళ్తేనే. మొదటి రాత్రి మేము అక్కడిదాకా వెళ్ళలేదు, అమ్మకి అప్పటికే నడక ఎక్కువైంది, సెక్యూరిటీ గార్డులు విజిల్ వేసుకుంటూ అందర్నీ గేటు వైపు పంపించేస్తున్నారు కూడా. మర్నాడు సాయంత్రం లిస్ట్‌లో డిన్నర్ క్రూజ్ ఉంది, పిన్ని దాన్ని ముందు నుంచీ కలవరిస్తోంది. పొద్దున టిఫిన్ దగ్గర తనే "క్రూజ్ ఇంకోరోజు చూద్దాంలే, మళ్ళీ అక్కడికే పోదాం" అంది. అదృష్టం, డబ్బులు ఇంకా కట్టలేదు.

ఈసారి ఎంఆర్టీలో వెళ్ళాం, సుఖుమ్‌విత్ నుంచి ఒక్క స్టేషన్, క్వీన్ సిరికిత్ నేషనల్ కన్వెన్షన్ సెంటర్ అని పొడుగు పేరు. టికెట్‌కి బదులు నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ ఇస్తుంది మిషన్, లోపలికెళ్ళేటప్పుడు తాకించాలి, బయటికొచ్చేటప్పుడు డబ్బాలో వేసేయాలి. కాంటాక్ట్‌లెస్ క్రెడిట్ కార్డ్ ఉంటే ఆ బిళ్ళ గొడవ కూడా లేదు, ఎంఆర్టీలో నేరుగా కార్డే తాకించొచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట, ఎంఆర్టీ భూమి లోపల ఉంటుంది గదా, వాన నీళ్ళు లోపలికి రాకుండా ప్రతి ఎంట్రన్స్ ముందూ కొన్ని మెట్లు పైకి ఎక్కించి తర్వాత కిందకి దింపుతారు. వరదల ఊరు కాబట్టి అలా కట్టారు, మంచిదే, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ మెట్లే చుక్కలు చూపిస్తాయి. లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ ఏదో ముందే బోర్డ్ మీద చూసుకోండి, అన్ని ఎగ్జిట్లకీ ఉండదు. ఇంకోటి, పైన తిరిగే బీటీఎస్, కింద తిరిగే ఎంఆర్టీ వేర్వేరు కంపెనీలవి, ఒక దాని టికెట్ ఇంకో దానిలో చెల్లదు.

ఆరింటికి కాస్త ముందు లోపలికి చేరాం. ఎండ వాలి ఆకాశం నారింజ రంగులోకి తిరుగుతోంది, జనం బాగా ఉన్నారు. ఉన్నట్టుండి స్పీకర్లలో పాట వచ్చింది, అంతే, పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతున్న చోటే ఆగిపోయారు, సైకిళ్ళు ఆగాయి, పిల్లాడిని తరుముతున్న తల్లి ఆగింది, చెరువు చుట్టూ వందల మంది ఎక్కడివాళ్ళక్కడ నిటారుగా నిలబడ్డారు. థాయ్‌లాండ్‌లో రోజూ పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి జాతీయగీతం వేస్తారు, పార్కుల్లో స్టేషన్లలో అందరూ ఆగుతారు, మనమూ ఆగాలి. పాట అయిపోగానే ఏమీ జరగనట్టు అందరూ మళ్ళీ కదిలారు. పిన్ని ఫోన్‌లో వీడియో తీద్దామని చెయ్యెత్తి, ఎందుకో మళ్ళీ దించేసి తనూ నిలబడింది.

అడవి భాగం ఎలా ఉంటుందంటే, నేల మొత్తం తవ్వి గుంటలు చేశారు, ఆ మట్టినే దిబ్బలు పోసి ఒక్కో దిబ్బ మీదా చెట్లు నాటారు. అంటే నీళ్ళ మధ్యలో వందలకొద్దీ బుల్లి బుల్లి లంకలు. పక్కనున్న కాలువ నీళ్ళు మురికివి, వాటిని రెల్లు, తుంగ లాంటి మొక్కలున్న మడుల గుండా మెల్లగా పారించి శుభ్రం చేసి లోపలికి వదులుతారు. ఫ్యాక్టరీ పగలగొట్టిన కాంక్రీట్ ముక్కల్ని కూడా బయట పారేయకుండా అక్కడే వాడేశారట. డిజైన్ చేసింది థాయ్ సంస్థ ఆర్సోమ్ సిల్ప్, చైనా సంస్థ తురెన్‌స్కేప్ కలిసి, కట్టింది థాయ్ ఆర్మీ. తురెన్‌స్కేప్ పెట్టిన యూ కోంగ్‌జ్యెన్ అనే ఆయన వాన నీళ్ళని పైపుల్లో తరిమేయకుండా స్పాంజ్‌లా నేలే పీల్చుకునేలా సిటీలు కట్టాలి అని జీవితమంతా చెప్తూ వచ్చిన మనిషి, 2025 లో బ్రెజిల్‌లో విమాన ప్రమాదంలో పోయారు. అది చదివాక నాకు ఆ గుంటలన్నీ వేరేగా కనపడ్డాయి, ముందు రోజు వాన పడింది, రోడ్డు మీద అక్కడక్కడా నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి, ఇక్కడ మాత్రం గుంటలు నిండి కప్పలు అరుస్తున్నాయి.

వాటన్నిటి మీదుగా ఒక స్కైవాక్ వేశారు, మెలికలు తిరుగుతూ పోయే వంతెనలాంటి బాట, 1.67 కిలోమీటర్లు. ఎక్కడానికి ర్యాంప్ ఉంది, అమ్మ మెట్లు ఎక్కకుండానే పైకి వచ్చింది, వీల్‌చెయిర్‌లో ఒకాయన కూడా మా ముందే వెళ్ళారు. పైకి వెళ్ళాక చెట్ల తలలు మన మోకాళ్ళ ఎత్తులో ఉంటాయి, కింద చీకటి నీళ్ళు, పక్కన చిన్న లైట్లు, చుట్టూ నాలుగు వైపులా సిటీ. చీకటి పూర్తిగా పడ్డాక చూడండి, అప్పుడే బాగుంటుంది. పగలు కూడా ఒకసారి వెళ్ళాం ఎలా ఉంటుందో చూద్దామని, పచ్చగా బాగానే ఉంది కానీ ఆ స్కైవాక్ మీద నీడ తక్కువ, ఎండ మాడ్చేస్తుంది, పది నిమిషాలకే కిందకి దిగిపోయాం. సాయంత్రం ఐదున్నరకి వెళ్ళి చీకటి పడ్డాక ఒక గంట ఉండి వస్తే రెండూ చూసినట్టు.

పాత ఫ్యాక్టరీ గోడౌన్లు కొన్ని కూల్చకుండా ఉంచి వాటిని ఆటల హాళ్ళు చేశారు, లోపల బ్యాడ్మింటన్ ఆడుతున్నారు, బయట పిన్ని కిటికీలోంచి చూస్తూ స్కోర్ లెక్కపెడుతోంది. ఈ అడవి పార్క్‌కి 2023 లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో ల్యాండ్‌స్కేప్ విభాగంలో పెద్ద అవార్డ్ కూడా వచ్చింది. అయినా టూర్ ప్యాకేజీ వాళ్ళు దీని పేరు ఎత్తరు, ఎందుకు ఎత్తుతారు, ఇక్కడ కమిషన్ ఇచ్చే కౌంటర్ లేదు కదా.

లోపాలు చెప్పకపోతే బాగోదు. దోమలు ఉన్నాయి, నీళ్ళున్న చోట ఉండవా, కాళ్ళకి క్రీమ్ రాసుకోకుండా అడవి భాగంలోకి వెళ్ళకండి. తినడానికి లోపల పెద్దగా ఏమీ దొరకదు, నీళ్ళ సీసా బయటే కొనుక్కోండి, కన్వెన్షన్ సెంటర్ కింద షాపులూ ఫుడ్ కోర్టూ ఉన్నాయి. టాయిలెట్లు ఫ్రీ, మేము వెళ్ళినప్పుడు శుభ్రంగానే ఉన్నాయి కానీ ఆ వైపు నుంచి ఈ వైపుకి చాలా దూరం, పెద్దవాళ్ళు ముందే వెళ్ళొస్తే మంచిది. జనవరి నుంచి మార్చి దాకా బ్యాంకాక్ గాలి బాగా పాడవుతుంది, పొగ పట్టిన రోజుల్లో ఆ టవర్లు మసకగా కనపడతాయి, ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ రోజు గాలి ఎలా ఉందో యాప్‌లో చూసుకునే బయల్దేరండి.

ఆ పార్క్ చూశాకే మాకు బుద్ధి పుట్టింది, మిగతా రోజులకి రూమ్ మార్చేటప్పుడు మ్యాప్‌లో ముందు పచ్చ రంగు వెతికాం, తర్వాతే హోటల్. అలా సిలోమ్ వైపు, లుంపినీ పార్క్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో దొరికింది. హోటల్‌గా చూస్తే మొదటిదానికంటే తక్కువే, గది ఇరుకు, బాత్‌రూమ్‌లో నీళ్ళు నిలిచిపోయేవి, చెక్ ఇన్ అప్పుడు క్యాష్ డిపాజిట్ అడిగారు, ముందు చెప్పలేదు, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వడానికి మళ్ళీ అరగంట కూర్చోబెట్టారు. రసీదు ఫోటో తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. అయినా మళ్ళీ ఎక్కడ ఉంటావు అంటే ఈ ఏరియానే అంటాను, రాత్రి పది నిమిషాల నడకలో పార్క్ ఉండటం అంత తేడా చేస్తుంది.

లుంపినీ పాతది, 1920లలో థాయ్‌లాండ్ రాజు రామా 6 ఇచ్చిన స్థలం, బుద్ధుడు పుట్టిన ఊరి పేరే పెట్టారు, మూల మీద ఆ రాజు విగ్రహం ఉంటుంది. 142 ఎకరాలు. బెంజకిట్టిలా ఒక్కసారిగా కళ్ళు చెదిరే చోటు కాదు ఇది, మెల్లగా ఎక్కుతుంది. పెద్ద పెద్ద పాత చెట్లు, లోపల చెరువులు, సాయంత్రం స్పీకర్ పెట్టి ఒక మాస్టారు స్టేజ్ మీద ఏరోబిక్స్ చేయిస్తుంటే కింద యాభై అరవై మంది చేస్తుంటారు, ఎవరైనా కలవొచ్చు. మా పిన్ని కలిసింది. చీరలో. ఆ వీడియో నా దగ్గర ఉంది, బయట పెట్టనని ఒట్టేయించుకుంది. ఇక్కడ ఇంకో వింత ఉడుములు, చిన్నవి కాదు, మనిషంత పొడుగువి కూడా ఉన్నాయి, నీళ్ళలోంచి లేచి బాట మీదుగా దర్జాగా నడిచి పోతాయి. ఏమీ చెయ్యవు, మనం వాటి జోలికి పోకూడదు, తిండి పెట్టకూడదు. అమ్మ మాత్రం మొదటిసారి చూసి బెంచీ ఎక్కేసింది, మోకాళ్ళ నొప్పులు ఆ క్షణంలో ఎక్కడికి పోయాయో నాకిప్పటికీ తెలీదు.

లుంపినీ నుంచి బెంజకిట్టికి నడిచే దారి ఒకటి ఉంది, గ్రీన్ మైల్ అంటారు, దాదాపు 1.3 కిలోమీటర్లు, నేల మీద కాదు, పైన వంతెనలా వేసిన బాట. ఇళ్ళ పైకప్పుల మీదుగా, కాలువ పక్కగా పోతుంది, ఒక పక్క బట్టలు ఆరేసిన బాల్కనీలు, ఇంకో పక్క ఎక్స్‌ప్రెస్‌వే. టూరిస్ట్ బ్యాంకాక్‌కీ మామూలు బ్యాంకాక్‌కీ మధ్యలో నడుస్తున్నట్టు ఉంటుంది. నేను ఒక్కదాన్నే వెలుతురు ఉండగా నడిచాను, పెద్దవాళ్ళని తీసుకెళ్ళలేదు. ఓపిక ఉన్నవాళ్ళు లుంపినీలో నాలుగున్నరకి మొదలుపెట్టి, ఉడుముల్ని పలకరించి, ఈ బాట మీద నడిచి బెంజకిట్టికి చీకటి పడే వేళకి చేరితే అంతకంటే మంచి సాయంత్రం బ్యాంకాక్‌లో డబ్బులు పెట్టినా దొరకదు.

ఖావోసాన్ వైపు, అంటే పాత ఊళ్ళో, రూములు చవక. గుళ్ళు దగ్గర. కానీ ఖావోసాన్‌కి మెట్రో లేదు, వాట్ ఫో దగ్గర సనమ్ చై స్టేషన్ ఉంది కానీ అక్కడి నుంచి మళ్ళీ ఆటోనో ట్యాక్సీనో. అక్కడ ఒక టుక్‌టుక్ అతను మా దగ్గర, గుడి ఇవాళ మూసేశారు నేను వేరే చోటికి తీసుకెళ్తా అని మొదలుపెట్టాడు. అలా అన్న వాళ్ళని నమ్మకండి, చివరికి నగల షాపుకో సూట్లు కుట్టే షాపుకో తీసుకెళ్తారు, ఆ కథ బ్యాంకాక్‌లో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నదే. గేటు దాకా వెళ్ళి మన కళ్ళతో చూసుకోవాలి. ఖావోసాన్ వైపు పడవలో వెళ్తే హాయి, ఆరెంజ్ జెండా ఉన్న పడవ 16 బాత్, ఫ్రా ఆర్తిత్ రేవులో దిగొచ్చు. చీకటి పడ్డాక ఆ పడవలు ఆగిపోతాయి, తిరుగు ప్రయాణం ముందే ఆలోచించుకోండి.

ఆ రేవు పక్కనే సంతిచైప్రాకాన్ అని చిన్న పార్క్, పక్కన తెల్లగా ఫ్రా సుమేన్ కోట, 1783 లో కట్టింది. అప్పట్లో ఊరి చుట్టూ పద్నాలుగు కోటలు ఉండేవట, ఇప్పుడు మిగిలినవి రెండే, ఇది ఒకటి. రాత్రి దానికి లైట్లు వేస్తారు, ఎదురుగా చావో ఫ్రాయా నది, కాస్త అవతల రామా 8 బ్రిడ్జ్, ఒకే స్తంభం నుంచి బంగారు రంగు తీగలు దిగి ఉంటాయి. మేము వెళ్ళిన రాత్రి గడ్డి మీద కుర్రాళ్ళు గిటార్ వాయించుకుంటున్నారు. అరగంట కూర్చుంటే చాలు, అంతకు మించి చూడ్డానికి అక్కడ ఏమీ లేదు, కానీ ఖావోసాన్‌లో రూమ్ తీసుకున్నవాళ్ళకి ఆ హోరులోంచి ఐదు పది నిమిషాల్లో పారిపోవడానికి అదే దిక్కు. డిన్నర్ క్రూజ్ చివరికి వెళ్ళాం లెండి, నది నదే, కానీ డెక్ మీద మ్యూజిక్ ఎంత పెద్దగా పెట్టారంటే అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని తింది. అదే నదిని ఈ పార్క్ గట్టు మీద కూర్చుని ఫ్రీగా చూసినప్పుడే బాగుంది అంది పిన్ని, క్రూజ్ కోసం కలవరించిన పిన్నే.

చులాలాంగ్‌కోర్న్ యూనివర్సిటీ వాళ్ళ సెంటెనరీ పార్క్ గురించి కూడా చదివి వెళ్ళాను, 2017 లో తెరిచింది, 11 ఎకరాలు, నేల మొత్తాన్ని కాస్త వాలుగా కట్టి వాన నీళ్ళని కిందకి దింపి దాచుకునేలా చేశారు, కోచ్చకోర్న్ వొరాఖోమ్ అనే ఆవిడ డిజైన్. ఆలోచన గొప్పది, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలుంటే తప్పక చూపించండి. మామూలు టూరిస్టుకి రాత్రిపూట అంత దూరం వెళ్ళేంత లేదు, నా మాట.

తిండి గురించి క్లుప్తంగా. మేము మాంసం తినం, థాయ్ వంటలో చేపల సాస్ లేని కూర దొరకడం కష్టం, కూరగాయలే కదా అని ఆర్డర్ ఇస్తే అందులోనూ ఉంటుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న షాపులు చూసుకోండి, అది జే అంటే మాంసం, చేపలు, గుడ్లు ఏవీ లేని వంట, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. అసోక్‌లో టెర్మినల్ 21 మాల్ పైన పియర్ 21 అని ఫుడ్ కోర్ట్ ఉంది, మాల్‌లో ఉన్నా రేట్లు రోడ్డు పక్క బండ్ల లాగే తక్కువ, మేము చాలా రాత్రులు అక్కడే తినేసి పార్క్‌కి నడిచాం. ఏటీఎంలో మన కార్డ్ పెడితే ఎంత తీసినా ప్రతిసారీ ఫీజు వాళ్ళే కోస్తారు, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తియ్యకండి.

ట్యాక్సీ యాప్‌ల విషయంలో, సాయంత్రం వాన మొదలైతే ఏ యాప్‌లోనూ బండి దొరకదు, ఒక యాప్‌లో అయితే బుక్ అయ్యాక డ్రైవర్ ఇంకాస్త ఎక్కువ ఇస్తావా అని మెసేజ్ పెట్టి, కాదంటే క్యాన్సిల్ చేశాడు. అందుకే మెట్రోకి నడిచి వెళ్ళే దూరంలో ఉండమంటున్నా. ఇంకా బయల్దేరే ముందు డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి, 2025 మే నుంచి అది తప్పనిసరి చేశారు, దిగడానికి మూడు రోజుల లోపు నింపొచ్చు, పూర్తిగా ఫ్రీ. డబ్బులు అడిగిన సైట్ ఏదైనా సరే అది దొంగదే, వెంటనే మూసేయండి.

ఈ పార్కులేవీ రాత్రంతా తెరిచి ఉండవు. టైమింగ్స్ అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి లోపలికెళ్ళేటప్పుడు గేటు మీద బోర్డ్ చూసుకోండి, ముఖ్యంగా బెంజకిట్టిలో స్కైవాక్ అవతలి చివర ఉండగా విజిల్ వేస్తే గేటు దాకా రావడానికి పెద్దవాళ్ళకి ఇరవై నిమిషాలు పడుతుంది. మూసే టైమ్‌కి అరగంట ముందే చెరువు వైపుకి వచ్చేసి, ఎంఆర్టీ గేటు దగ్గరున్న బెంచీ పట్టుకోండి, అక్కడి నుంచి కూడా టవర్లు బాగానే కనపడతాయి.